మాసిక, మాటు, పూత

మనం ఇంట్లో గోడను చూస్తాము, నేలను చూస్తాము, గుమ్మాన్ని చూస్తాము. కప్పును మాత్రం చూడము. జ్వరపడి మంచాన ఉన్నవాడికీ, ఊయలలోని పసిపాపకూ తప్ప తక్కినవారికి దానితో పరిచయం తక్కువ. దాని ఉనికి మనకు తెలిసేది అది రాలినప్పుడే. ఒకనాటి రాత్రి అరచేతి వెడల్పు పెచ్చు ఊడి నేల మీద పడుతుంది. లేదా వానలు వెనకపట్టగానే తెల్లని సున్నం మీద చెమ్మ మరక ఒకటి పుట్టి, నానాటికీ అంచులు పెంచుకొంటూ ఏదో తెలియని దేశపు పటంలాగా వ్యాపిస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ తలలెత్తి చూస్తాము. చూసిన మరుక్షణం చేసే ఆలోచన ఏమిటయ్యా అంటే, దానిని కనబడకుండా చేయడం ఎట్లా అని. ఈ అలవాటును గురించే నాకు కొంత చెప్పవలసి ఉన్నది. విషయం తాపీపనికి సంబంధించినదే అయినా, సాహిత్య పత్రంలో దానికి చోటు లేదని పాఠకులు అనుకోనక్కరలేదు. పాడైనదాన్ని బాగుచేయడం మన కవులకు కూడా బాగా తెలిసిన పని.

ముందుగా మాటల సంగతి. బాగుచేతకు తెలుగులో మాటల కరువు ఏనాడూ లేదు. చిరిగిన బట్టకు మాసిక వేస్తాము. చిల్లుపడిన బిందెకు మాటు వేస్తాము. విరిగిన ఎముకకు కట్టు కడతాము. చెరువుకట్ట తెగితే గండి పూడుస్తాము. శిథిలమైన గుడికి జీర్ణోద్ధరణ చేస్తాము. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క మాట. ఆ మాటలో ఆ పని తీరు ఇమిడి ఉన్నది. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఉర్దూ ద్వారా వచ్చిన మరమ్మతు ఒకటి, ఇంగ్లీషు ద్వారా వచ్చిన రిపేరు ఒకటి మిగిలినవి. వాటి మీద నాకు పగ ఏమీ లేదు. భాషలోకి వచ్చి స్థిరపడిన మాట మన మాటే. కాని మాసిక, మాటు అనే మాటలలో ఒక నిజాయితీ ఉన్నది. మాసిక కనబడుతుంది, మాటు కూడా కనబడుతుంది. మాసిక వేసిన పంచె కట్టుకున్నవాణ్ని చూసి మన పెద్దలు నవ్వలేదు, చిరిగిన పంచె కట్టుకున్నవాణ్ని చూసి నవ్వారు.

ఇంకొక విశేషం గమనించవలసి ఉన్నది. ఇంటికప్పు పైభాగానికీ, లోపలినుంచి కనిపించే అడుగుభాగానికీ ఇంగ్లీషులో వేరు వేరు మాటలు ఉన్నవి. మనకు రెండూ కప్పే. అయితే కప్పు కింద కట్టే గుడ్డకు మాత్రం మేలుకట్టు, ఉల్లెడ, చందువా, చాందినీ, వితానం అని ఇన్ని పేర్లు! పాత కప్పులనుంచి ధూళి రాలేది, పుల్లలు రాలేవి, అప్పుడప్పుడు తేలో జెర్రో కూడా రాలేది. శుభకార్యానికో, పెద్దల శయ్య పైనో ఒక వస్త్రాన్ని కట్టి ఆ రాలేదాన్ని ఆపేవారు. ఆ వస్త్రం పని తీరిన తరువాత విప్పదగినది. విప్పితే పైనున్న కప్పు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ విప్పదగిన గుణాన్ని పాఠకులు కొంచెం జ్ఞాపకం ఉంచుకోవాలని కోరుతున్నాను.

పూర్వపు మన కప్పులు ఏవీ తమ రోగాన్ని దాచుకునేవి కావు. పెంకుటింట్లో పెంకు పగిలితే మిట్టమధ్యాహ్నం నేల మీద రూపాయంత వెలుగు పడుతుంది. ఎక్కడ పగిలిందో చూపులు పైకెత్తగానే తెలుస్తుంది. వేసవిలో పెంకు తిరగవేయించేవారు. పగిలినదాన్ని తీసి కొత్తదాన్ని పెడితే సరి. రాయలసీమ మట్టిమిద్దెలలో గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద పుల్లా కసవూ, ఆ పైన చౌడుమట్టి. వానకు ముందు ఏటేటా కొత్తగా చౌడు పరిచి చదును చేయకపోతే మిద్దె కురుస్తుంది. అంటే ఆ ఇంటికి మరమ్మతు అనేది ఆపదలో చేసే పని కాదు, ఉగాది లాగా ఏటికొకసారి వచ్చిపోయే పని.

కోస్తా పట్టణాలలోనూ, పాత మద్రాసు రాజధానిలోనూ పెద్ద ఇళ్లకు మద్రాసు టెర్రేసు అనే కప్పు ఒకటి ఉండేది. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నపు అడుసుతో పేరుస్తూ పోతారు. దాని మీద ఇటుకముక్కలు, సున్నం కలిపిన దళసరి పొర పరిచి, కూలీలు వరుసగా కూర్చుని దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. కొట్టుతున్నంత సేపూ కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు చల్లుతారు. ఆ పైన బిళ్లలు పరుస్తారు. ఇట్లాంటి కప్పులు నూరేళ్లు దాటి నిలిచినవి ఇప్పటికీ చూడవచ్చు. సున్నం మెత్తనిది. సన్నని పగుళ్లు పుడితే, నీటి తడిలో కరిగిన సున్నం మళ్లీ ఆ పగుళ్లలోనే గట్టిపడి కొంతవరకు తనను తానే పూడ్చుకుంటుంది. సిమెంటు గట్టిది, ఆ గట్టితనమే దానికి గర్వం కూడాను. పాత సున్నపు కప్పులో ఊడిన చోట సిమెంటు మెత్తే మేస్త్రీలు ఉన్నారు. మెత్తని పాతపూతకూ గట్టి కొత్తపూతకూ పొత్తు కుదరదు. తడిని లోపలికి పీల్చి బయటికి వదిలే సున్నపు గుణాన్ని సిమెంటు అడ్డగిస్తుంది. ఏడాది తిరిగేసరికి సిమెంటు ముక్క తనతోపాటు చుట్టుపక్కల సున్నాన్ని కూడా పెళ్లగించుకొని కింద పడుతుంది. సున్నానికి సున్నమే వైద్యం.

అయితే ఇప్పటి పట్టణాలలో ఇంటికప్పు అంటే స్లాబే. దాని శరీరధర్మం తెలియనిదే దాని రోగం తెలియదు గనుక, విద్యార్థుల కోసం కొంచెం విస్తరించి చెబుతాను. స్లాబు అంటే కాంక్రీటులో పొదిగిన ఉక్కు ఊచల అల్లిక. కాంక్రీటు బరువును, నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని, సాగదీస్తే తట్టుకోలేదు. కప్పు తన బరువుకు నడుమ కిందికి వంగబోయినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. ఆ సాగుడును మోయడానికే ఊచలను నడుమభాగంలో అడుగున పెడతారు. అంటే మనం మంచం మీద వెల్లకిల పడుకొని చూసే ఆ తెల్లని పూతకు కొంచెం పైననే కప్పును మోసే ఉక్కు ఉన్నదన్నమాట. దానికి కవచంగా ఉండే కాంక్రీటు పొర, మన దేశపు ప్రమాణగ్రంథమైన ఐ.ఎస్. 456 యొక్క 2000 నాటి సవరణ ప్రకారం, సౌమ్యమైన వాతావరణంలోనే సామాన్యంగా 20 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఇంకా ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో కొన్నిచోట్ల తవ్వి చూస్తే వేలి గోరు మందం కూడా ఉండదు.

కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ క్షారం ఊచ చుట్టూ కంటికి కనబడని రక్షకపొరను నిలుపుతుంది. కాలక్రమాన గాలిలోని బొగ్గుపులుసు వాయువు సన్నని రంధ్రాల గుండా లోపలికి చొరబడి ఆ క్షారాన్ని హరిస్తుంది. ఉప్పు అయితే ఆ రక్షకపొరనే నేరుగా, ఇంకా త్వరగా చెరుస్తుంది. ఆ ఉప్పు సముద్రపు గాలిలో రావచ్చు, సరిగా కడగని ఇసుకలో రావచ్చు. రక్షకపొర పోయిన తరువాత నీరూ ప్రాణవాయువూ తగిలితే ఊచ తుప్పు పడుతుంది. తుప్పుకు ఒక దుర్గుణం ఉన్నది. అది తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలనుంచి ఆరింతల వరకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రాతి సందులో మొలిచిన రావిమొక్క వేరు రాతిని చీల్చినట్టే, ఈ తుప్పు లోపలినుంచి కాంక్రీటును చీలుస్తుంది. మొదట ఊచ వెంట సన్నని చీలిక, తరువాత గోధుమరంగు చార, తరువాత ఉబ్బు, చివరకు పెచ్చు. మనకు పెచ్చుతో కథ మొదలైనట్టు తోస్తుంది. నిజానికి అప్పటికే అయిదారు ఆశ్వాసాలు గడిచిపోయి ఉంటవి.

ఊడిన ప్రతి పెచ్చూ ఇట్లాంటిదే అని భయపడనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు పైపూత మాత్రమే ఊడుతుంది. స్లాబు పోసినప్పుడు అడుగున నున్నని ఇనుప రేకులు పెడితే కాంక్రీటు అడుగు అద్దంలాగా వస్తుంది. దానికి గాట్లు పెట్టకుండా పూత పూస్తే ఆ పూతకు పట్టు ఉండదు. ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కర్ర పిడితో మెల్లగా తట్టాలి. గట్టిగా ఉన్నచోట గట్టి శబ్దం, విడిపోయినచోట డొల్ల శబ్దం. సంతలో పుచ్చకాయ కొనేవాడికి తెలిసిన విద్యే ఇది. డొల్ల ఉన్నంత మేర బొగ్గుతో గీత గీస్తే, ఊడిన పెచ్చు జానెడే అయినా ఊడబోయేది గజం మేర ఉన్నదని తెలుస్తుంది. చీలిక తిన్నగా గీత గీసినట్టు ఉండి, దాని వెంట గోధుమ చార దిగితే అది ఊచ రోగం. గుండ్రంగా మరక వ్యాపించి, తెల్లగా ఉప్పు పూస్తే అది నీటి రోగం. రెండవది ముదిరితే మొదటిదవుతుంది.

ఇప్పుడు మన గృహస్థులు చేసే పని చూడండి. పండుగ దగ్గరపడుతుంది, లేదా పెళ్లిచూపులవారు వస్తారంటారు. మరక మీద రంగు వేస్తారు. రెండు నెలలకు మరక మళ్లీ పైకి వస్తుంది. రెండవసారి ఇంకా దట్టంగా వేస్తారు. మూడవసారి ఎవరో ఒక సలహా ఇస్తారు, కింద జిప్సం పలకలతో గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గాని రెండవ కప్పు కట్టించండి, అందమూ వస్తుంది, మరకా కనబడదు అని. పువ్వులు, లతలు, వంపులు, వాటి నడుమ దాచిన దీపాలు. గది కల్యాణమంటపంలాగా మెరుస్తుంది. పైన స్లాబు మాత్రం ఎప్పటి మాదిరే నానుతూనే ఉంటుంది. పాతకాలపు మేలుకట్టును సాయంత్రానికి విప్పేవారు. ఈ మేలుకట్టును విప్పే వీలు లేదు. నేనెరిగిన ఒక ఇంట్లో ఇట్లాంటి అలంకారపు కప్పు ఏడేళ్లు ఉన్నది. దీపం మార్చడానికి ఒక పలక తీసిన ఎలక్ట్రీషియన్ చేతి మీద తుప్పు పట్టిన కాంక్రీటు ముక్కలు దోసెడు రాలినవి. అవి ఏడేళ్లుగా ఒక్కొక్కటే ఆ పలక మీద పోగుపడుతున్నవి. కింద పిల్లలు చదువుకుంటున్నారు.

అందువల్ల నా మొదటి వాదం ఇది: కప్పుకు పూత పూయడానికి ముందు నీరు ఎక్కడనుంచి వస్తున్నదో కనిపెట్టాలి. మేడ మీద వాలు సరిగా లేక నీరు నిలుస్తున్నదా, పిట్టగోడ మొదట్లో చీలిక ఉన్నదా, నీరు పోయే గొట్టం ఆకులతో పూడిందా, పై అంతస్తులో స్నానాలగది కారుతున్నదా చూడాలి. దాన్ని ఆపి, కప్పు ఆరేవరకు ఓపిక పట్టాలి. ఈ ఓపికే మనకు చాలని గుణం. తడి కప్పు మీద ఎంత మంచి పూత పూసినా అది బూజుకు పందిరే.

తరువాత పని మేస్త్రీది. పరంజా కట్టి, కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ పెట్టుకొని, డొల్లగా ఉన్నదంతా మొగమాటం లేకుండా రాల్చాలి. ఊచ బయటపడితే దాని పైభాగంలో కూడా వేలు దూరేటంత తొలవాలి. సగం ఊచను శుభ్రంచేసి సగాన్ని తుప్పుతో వదిలితే ఆ సగమే రేపు పెచ్చును తోస్తుంది. తీగబ్రష్‌తో ఉక్కు మెరిసేదాకా రుద్ది, తుప్పును అడ్డే పూత వేసి, పాత కాంక్రీటును తడిపి, సిమెంటు పాలు పట్టించి, ఆ తడి ఆరకముందే కొత్త మాలును పొరలు పొరలుగా పెట్టాలి. ఒకేసారి దట్టంగా పెడితే తన బరువుకు తానే జారుతుంది. పెట్టినదాన్ని వారం రోజులు తడుపుతూ ఉండాలి. తలకిందులుగా ఉన్నదానికి నీరు పట్టించడం కష్టమే గాని, తప్పదు. ఊచ సన్నబడినట్టు కంటికి కనిపిస్తే మాత్రం మేస్త్రీ తెలివితో ఆగకూడదు. కింద ఊతకర్రలు నిలిపి ఇంజనీరును పిలవాలి. నేను తెలుగు పంతులునే, ఈ చివరి మాట ఇంజనీర్లు నాకు చెప్పినది.

ఇక అంచుల సంగతి. పూతపనిలో నైపుణ్యమంతా అంచులలోనే ఉన్నది. పాతపూత అంచును పలుచగా వదలకూడదు. గట్టి భాగం వచ్చేవరకు నరికి, అంచు లోపలివైపు కొంచెం విశాలంగా తొలిస్తే కొత్తపూత అక్కడ చిక్కుకొని నిలుస్తుంది. ఆ పైన కొత్తదాని ముఖం పాతదాని ముఖంలాగా ఉండాలి. కప్పు నున్ననిదైతే నున్నగా, గరుకుదైతే గరుకుగా. గరుకు కప్పుకు అతుకు వేయడం చాలా కష్టమని మేస్త్రీలందరూ అంటారు. నున్ననిదాన్ని ఎవరైనా నున్నగా చేయవచ్చు. ఒకనాటి మేస్త్రీ తన చేతివాటంతో స్పంజితోనో, కుంచెతోనో తట్టి లేపిన చుక్కలనూ సుడులనూ మరొక చెయ్యి తిరిగి లేపాలంటే, ముందు ఒక పలక మీద పదిసార్లు అభ్యాసం చేయాలి. పూత ఎంత ఆరినప్పుడు తట్టాలో తెలియాలి. పక్కనుంచి పడే దీపపు వెలుగులో చూసుకోవాలి. ఎదుటి వెలుగులో కనబడని దోషం ఏటవాలు వెలుగులో కనబడుతుంది.

ఇక్కడ నాకు ఎఱ్ఱన గుర్తుకు వస్తాడు. ఇది తెలుగు పంతుళ్ల జబ్బు అని కొందరు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. పదకొండవ శతాబ్దిలో నన్నయ భారతాన్ని అరణ్యపర్వం నడుమ వదిలాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన ఆ చీలికను ముట్టుకోకుండా విరాటపర్వంనుంచి ఎత్తుకొని చివరిదాకా నడిపాడు. నడుమ గండి అట్లాగే ఉన్నది. పద్నాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన దానిని పూరించాడు. ఆయన పని ఎంత కష్టమో ఆలోచించండి. ఒక అంచున నన్నయ, మరొక అంచున తిక్కన. ఇద్దరి చేతివాటమూ వేరు. ఎఱ్ఱన తన సొంత నిగ్గు చూపించుకోవాలనుకుంటే ఆ అతుకు కళ్లకు కొట్టినట్టు కనబడేది. నన్నయ అంచున నన్నయలాగా మొదలుపెట్టి, సాగేకొద్దీ తిక్కన వైపు ఒదిగి, తిక్కన అంచున తిక్కనలాగా ముగించాడని మన విమర్శకులు చెప్పుకుంటూ వచ్చారు. కృతిని కూడా తన పేరుగాక నన్నయ పేరు మీదనే రాజరాజనరేంద్రుడికి అంకితం చేశాడు. తెలుగులో ఇంతకంటె చక్కని అంచుపని నాకు తెలియదు. పోతన భాగవతం సంగతి వేరు. అక్కడ అయిదవ స్కంధం గంగన, ఆరవది సింగన, పదకొండు పన్నెండు స్కంధాలు నారయ రచించారని పేర్లతో సహా తెలుస్తున్నది. అది మాసిక, దారం రంగు కనబడుతుంది. కనబడినంత మాత్రాన దానికి అగౌరవం లేదు.

మూడవ మార్గం కూడా ఒకటి ఉన్నది. పాత కావ్యాలను పరిష్కరించినవారు తాళపత్రం చిరిగినచోట తమ కవిత్వం అల్లకుండా, గ్రంథపాతము అని గుర్తు పెట్టి ఖాళీ వదిలారు. అంతకంటె పెద్ద వినయం పండితుడికి ఉండదు.

ఈ మూడింటిలో ఏది ఎక్కడ తగునో తెలియకపోతే ఏమవుతుందో అజంతా చెబుతుంది. అప్పటి హైదరాబాదు రాజ్యంలోని ఆ గుహలలో గోడలేకాక కప్పులు కూడా చిత్రితాలే. రాతి మీద మట్టి, ఇసుక, వరిపొట్టు, గడ్డిపీచు కలిపి మెత్తి, దాని మీద పలుచగా సున్నపుపూత వేసి చిత్రించారు. మన పల్లెల మట్టిగోడ పూతకు అది దగ్గరి చుట్టమే. ఆ పూత రాలిపోతూ ఉంటే నిజాం ప్రభుత్వం 1920–22 సంవత్సరాలలో ఇటలీనుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే నిపుణులను రప్పించింది. విడిపోయిన పూతను రాతికి అంటించి, అంచులను భద్రపరచి వారు చేసిన మేలు గొప్పది. అది లేకపోతే మరెన్ని బొమ్మలు రాలిపోయేవో. కాని రంగులు నిలవాలని వాటి మీద లక్కతో చేసిన వార్నిషు పూశారు. చేసిననాడు బొమ్మలు తళతళలాడినవి. కాలం గడిచేకొద్దీ ఆ వార్నిషు పసుపుబారి, నల్లబడి, బొమ్మల ముఖాలను కప్పింది. దానిని మెల్లమెల్లగా తొలగించడం తరువాతి తరంవారికి దశాబ్దాల శ్రమ అయింది. అటువంటి చోట ఎఱ్ఱనలాగా పూరించే అధికారం ఎవరికీ లేదు, గ్రంథపాతమే శరణ్యం. లేపాక్షిలో పదహారవ శతాబ్దపు కప్పుచిత్రాల నడుమ పూత రాలి బోడిరాయి కనిపించే తావులను చూసి, వీటికి రంగులు వేయించరాదా అని అడిగే యాత్రికులు ఉంటారు. వారికి ఉపాధ్యాయులు ఈ కథ చెప్పవచ్చు.

మన పిల్లలు ఎందరో ఇప్పుడు అమెరికాలో ఇళ్లు కొనుక్కుంటున్నారు. అక్కడ 1950 తరువాత మూడు దశాబ్దాల పాటు కట్టిన ఇళ్లలో చాలావాటికి పేలాలు అంటించినట్టుండే గరుకు కప్పు ఉంటుంది. దానికి పేరు కూడా పాప్‌కార్న్ సీలింగే. అతుకుల వంకరలు కనబడకుండా ఉండడానికి యంత్రంతో చిమ్మి వేసిన పూత అది. దాచడానికి పుట్టిన పూత గనుకనే దానికి ఒకచోట దెబ్బ తగిలితే దాచడం ఎవరి తరమూ కాదు. కొత్త చుక్కలు పాత చుక్కలతో కలవవు. దానితో విసిగి కొందరు నిచ్చెన వేసుకొని మొత్తం గీకివేయబోతారు. ఇక్కడ ఆగాలి. ఆ పాత పూతలలో చాలావాటిలో ఆస్బెస్టాసు నారలు కలిసి ఉంటవి. అక్కడి ప్రభుత్వం ఇట్లా చిమ్మే పూతలలో దాని వాడకాన్ని 1973లో కొంత, 1978లో మిగిలినది నిషేధించింది. అయినా అప్పటికే పూసినది ఇళ్లలోనే ఉన్నది. కదిలించనంతవరకు అది పెద్దగా హాని చేయదు. గీకితే ఆ నారలు గాలిలో లేచి ఊపిరితిత్తులలో దిగుతవి. అవి పెట్టే రోగాలు ఇరవై ముప్పై ఏళ్లకు గాని బయటపడవు. అందుచేత ముందు చిన్న నమూనా పరీక్ష చేయించాలి. ఉన్నదని తేలితే ఆ పని తెలిసినవారికే వదలాలి, లేదా కదిలించకుండా కింద మరొక పలక కప్పాలి. ఇంతసేపూ దాచవద్దు అన్నవాణ్ని ఇక్కడ కప్పమంటున్నాను. అందులో వైరుధ్యం లేదు. పైన ఏమున్నదో తెలిసి కప్పడం వేరు, తెలుసుకోవలసి వస్తుందని కప్పడం వేరు. మన ఊళ్లలో వసారాలకూ షెడ్లకూ వేసిన సిమెంటు రేకులలోనూ ఆ నారలే ఉన్నవని గుర్తుంచుకొని, వాటిని పొడిగా కోయడం, పగలగొట్టడం మానాలి.

చివరకు బడుల సంగతి. ఇంటి కప్పు కింద నలుగురు ఉంటారు. తరగతి కప్పు కింద నలభైమంది ఉంటారు. బడి గది పెచ్చులూడి పిల్లలకు గాయాలయిన వార్త వానాకాలంలో ఈ పత్రికలు చదివేవారికి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడు పథకంలోనూ, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు–మన బడి పథకంలోనూ చేయవలసిన పనుల పట్టికలు ఉండేవి. ఆ రెండు పట్టికలలోనూ మరమ్మతులు ఒక పద్దు, రంగులు వేయడం మరొక పద్దు. మాటల మనిషిని గనుక ఇది నాకు ముచ్చట వేసింది. ఆ పట్టిక రాసినవారికి పూతా వైద్యమూ వేరని తెలుసు. తనిఖీకి వచ్చేవారికీ, వారికి గది చూపించేవారికీ కూడా ఆ తేడా జ్ఞాపకం ఉండాలి. రంగు కంటికి కనబడే పని, ఫొటోకు అందే పని. డొల్ల చెవికి వినబడేది. అది ఫొటోలో రాదు.

ఉపాధ్యాయులు చేయగల పనులు కొన్ని ఉన్నవి. వాటికి మంజూరు అక్కరలేదు. చీలిక ఎక్కడ ఆగిందో అక్కడ అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయించండి. నెల తరువాత చీలిక ఆ గీతను దాటితే అది పెరుగుతున్నదని ఇక ఎవరూ కాదనలేరు. అర్జీ పెట్టేటప్పుడు ఆ తేదీలు పది విశేషణాలకంటె బలంగా మాట్లాడతవి. జూన్‌లో బడి తెరిచే ముందు ఒక మేస్త్రీచేత ప్రతి గది కప్పూ తట్టించండి. పిల్లలను మాత్రం పైకి ఎక్కనివ్వకండి. వారికి వేరే పని ఉన్నది. మేస్త్రీ దిగిన తరువాత అతని చుట్టూ కూర్చుని, అతని పనిముట్లకూ, పనులకూ, పూతలకూ అతడు చెప్పే పేర్లు నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశంతో 1962లో మాండలిక వృత్తిపదకోశాలు ప్రారంభించి, గృహనిర్మాణ పదాలకు కూడా బూదరాజు రాధాకృష్ణగారిచేత ఒక సంపుటం వేయించారు. ఆనాడు దొరికిన మాటలలో ఎన్ని మీ ఊరి మేస్త్రీ నోట ఇంకా ఉన్నవో, ఎన్ని పోయినవో, ఏవి కొత్తగా వచ్చినవో ఆ పిల్లల పుస్తకాలు చెబుతవి.

ఊచ బయటపడిన గది ఏదైనా ఉంటే మాత్రం బల్లలు పక్కకు జరిపి సరిపెట్టుకోకండి. తాళం వేయండి. ఆ తరగతిని చెట్టు కిందికి తీసుకుపోండి. పాఠం అక్కడ కూడా చెప్పవచ్చు. ఆనాటి పాఠం అరణ్యపర్వమే అయితే మరీ మంచిది.